ఆరో వారం

ఎవరినీ ఎరగనివాడే అందరికీ సమంగా తీర్పు చెప్పగలడని లోకంలో ఒక నమ్మకం ఉంది. న్యాయదేవత కళ్ళకు గంతలు కట్టినవాళ్ళ ఉద్దేశం కూడా ఇదే కావచ్చు. ఆమె చేతికి కత్తి కూడా తామే ఇచ్చామన్న సంగతి మాత్రం వాళ్ళు మరిచిపోయినట్టున్నారు. కళ్ళు మూసుకుని కత్తి తిప్పే మనిషి పక్కన నిలబడడం ఎంత క్షేమమో, ఆ నమ్మకం మీద ఆధారపడడమూ అంతే క్షేమం. భూమధ్యరేఖకు దిగువన, గొర్రెల మందల ఊరు బిల్లింగరాలో ఐరిస్ పెంగెల్లీ అనే ఆవిడ ఒక శీతాకాలమంతా ఈ నమ్మకంతో కాపురం చేసింది.

ఐరిస్ ముప్పైరెండేళ్ళు ఉన్నికి తరగతులు కట్టింది. ఆ ప్రాంతంలో ఆ పనిచేసిన మొదటి ఆడమనిషి ఆవిడే. గొర్రె ఒంటి నుంచి కత్తిరించిన బొచ్చును కుర్రాళ్ళు బల్లమీద దుప్పటిలా విసిరితే, ఐరిస్ అందులోంచి ఒక కుచ్చు తీసి, రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టి మీటేది. కరువులో పెరిగిన ఉన్ని తెగిన తంత్రిలా పలుకుతుంది, పచ్చిక తిని పెరిగిన ఉన్ని గట్టిగా మోగుతుంది. ఆ మోతను బట్టి ఏ అరలో పడెయ్యాలో చెప్పేది. గొర్రె ఎవరిదన్న ప్రశ్న ఆవిడకు లేదు. మంద యజమాని పక్కనే నిలబడి, "ఐరిస్, అది మొదటి తరగతి కాదూ?" అని నసిగితే, "గొర్రె అలా అనలేదు" అనేది. కట్టిన ప్రతి బేలుమీదా తనకు కేటాయించిన అంకెను స్టెన్సిల్‌తో ముద్ర వేయాలి. పదివేల మైళ్ళ అవతల మిల్లులో బేలు విప్పినప్పుడు లోపల మరో రకం కనబడితే ఆ అంకె పట్టుకుని ఐరిస్ గుమ్మంలోకి వస్తారు. ముప్పైరెండేళ్ళలో ఎవరూ రాలేదు. దీన్ని గొప్పగా చెప్పనక్కరలేదు. చేయవలసిన పనిని చేయవలసినట్టు చేసింది, అంతే. అలా చేసేవాళ్ళు తక్కువగా ఉండబట్టి అది గొప్పలా కనిపిస్తుంది.

ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్ళకూ కలిపి ఒక రగ్బీ లీగ్ పోటీ, ఏడు ఊళ్ళ ఆటగాళ్ళ తప్పులకూ కలిపి ఒక క్రమశిక్షణ సంఘం ఉన్నాయి. సంఘంలో ముగ్గురు సభ్యులు. ముగ్గురూ బిల్లింగరా వాళ్ళే, అదీ నాలుగు వీధుల లోపల ఉండేవాళ్ళు. ఇది పక్షపాతం కాదు, పెట్రోలు పొదుపు అని పోటీ కార్యదర్శి మిగతా ఆరు ఊళ్ళకూ ఏటా వివరించేవాడు. ఆరు ఊళ్ళూ ఏటా నవ్వేవి.

అధ్యక్షుడు బేసిల్ క్విర్క్ గొర్రెల వేలంపాట దళారీ. రెండోవాడు నెవిల్ ట్రాస్క్, పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేశాడు. ఉద్యోగంలో ఉండగా ప్రతి కాగితంమీదా ముద్ర కొట్టీ కొట్టీ, ఇప్పుడు బేసిల్ చెప్పిన ప్రతి మాటమీదా కొడుతున్నాడు. మూడో కుర్చీ ఏ క్లబ్బుకూ చెందనివాళ్ళకని నిబంధన. అలాంటి మనిషిని వెతకగా ఏడు ఊళ్ళలోనూ ఐరిస్ ఒక్కతే దొరికింది.

"ఆవిడకు ఆటేం తెలుసు? గొర్రెలు తెలుసు" అన్నాడు నెవిల్.

"ఫర్వాలేదులే. మూల కూచుని స్వెట్టరు అల్లుకుంటుంది" అన్నాడు బేసిల్.

ఐరిస్‌కు అల్లిక రాదు.

అక్కడ చలి మొదలయ్యే మే నెలలో సెమిసి తౌఫా వాళ్ళ ముందుకు వచ్చాడు. టోంగా దీవులవాడు, టూరవాన్ ఊరి కబేళాలో పని, ఆ ఊరి జట్టులో ఆట. తలకు ఎప్పుడూ తెల్ల పట్టీ చుట్టుకుని ఆడేవాడు, దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు. ప్రత్యర్థిని నడుము దగ్గర పట్టి, కాళ్ళు పైకి లేపి, తలకిందులుగా నేలకు దించాడన్నది నేరారోపణ. మనవాళ్ళ కబడ్డీలో పట్టు పట్టినవాడికి చప్పట్లు కొడతారు. అక్కడా కొడతారు గాని, తల ముందు నేలను తాకితే ఆ చప్పట్లు మంగళవారం నాటికి ఫిర్యాదుగా మారతాయి.

"ఎత్తాను, నిజమేనండీ. పడెయ్యాలని కాదు. ఆ రోజు తుంపర పడింది కదా, చేతుల్లోంచి జారాడు" అన్నాడు సెమిసి.

"జారాడా? మనిషనుకున్నావా, సబ్బుబిళ్ళనుకున్నావా?" అన్నాడు బేసిల్. నెవిల్ నవ్వి ముద్ర కొట్టాడు.

ఐరిస్ టేపు మూడుసార్లు చూసింది. జారినా, ఎత్తడం తన ఇష్టంతో ఎత్తిందే. ఎత్తినవాడిదే దించే బాధ్యత. ఐదు వారాలు అంది. అంటే ఐదు మ్యాచ్‌లు. మిగతా ఇద్దరూ సరేనన్నారు.

సెమిసి లేచి, మిగతా ఇద్దరినీ వదిలేసి ఐరిస్ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, ఒక్క మాట. మీ ఊరివాడు చేసినా ఇంతేనా?"

"ఎవడు చేసినా ఇంతే. మాటిస్తున్నాను" అంది ఐరిస్.

సెమిసి తండ్రి వవావు దీవి నుంచి, కొడుకు ఆట చూడడానికని, బతుకులో మొదటిసారి విమానమెక్కి ఆరు వారాలకు వచ్చి ఉన్నాడు. ప్రతి ఆదివారమూ నడుముకు అల్లిక చాప చుట్టుకుని, గుడికి వెళ్ళినంత మర్యాదగా మైదానానికి వచ్చేవాడు. పక్కన కొడుకు ఇస్త్రీ చొక్కాలో కూచునేవాడు. ఇద్దరూ కలిసి ఎవరెవరో ఆడే ఆట చూసేవాళ్ళు. మూడో ఆదివారం వాన వచ్చి ఆట ఆగిపోయింది. దాన్నీ నిషేధంలో కలపమని సెమిసి అడిగితే, "వానకు ఆగిన ఆట ఆట కాదు, అబ్బాయ్" అని బేసిల్ ధర్మసూక్ష్మం చెప్పాడు. అలా ఐదు ఆటలకు ఆరు వారాలు పట్టాయి. శుక్రవారం తండ్రి విమానం ఎక్కాడు. ఆదివారం కొడుకు మైదానంలో దిగాడు.

జూలైలో ఐరిస్ కంటి శుక్లం తీయించుకోవడానికి నగరానికి వెళ్ళింది. ఆ వారమే బిల్లింగరా కుర్రాడొకడు అచ్చంగా అదే పట్టు పట్టాడు. అతనికి ఒక్క వారం వేశారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూచున్నా నెయ్యి అందుతుందని మనం ఊరికే అనలేదు. టూరవాన్ క్లబ్బు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో తిట్లు లేవు. రెండు టేపుల తేదీలూ, రెండు శిక్షలూ పక్కపక్కన రాసి, కింద "మాకు లెక్కలు రావు, నేర్పగలరు" అని ఉంది.

ఐరిస్‌కు తన స్టెన్సిల్ అంకె వేసిన బేలులో ఎవరో తవుడు కలిపినట్టయింది. కన్ను బాగుచేయించుకుని వచ్చిన మనిషి, ఎవరినీ చూడకుండా తీర్పు చెప్పే పద్ధతి ఒకటి కనిపెట్టింది.

ఉన్ని షెడ్డు పద్ధతే. టేపును క్లబ్బు వెనక గదిలోని టీవీలో, రంగు తీసేసి, మాట ఆపేసి చూడాలి. కేసెట్టుకు కేసెట్టుగా మూడోసారి తీసిన నకలు కనక చొక్కా అంకెలు ఎలాగూ అలుక్కుపోతాయి. ఎవరిమీద ఫిర్యాదో కార్యదర్శికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ముగ్గురూ విడివిడిగా కాగితంమీద వారాలు రాసి, సంతకం చేసి ఇచ్చాకే పేరు చెప్పాలి. ఇచ్చిన కాగితం మారదు. టేపులో మనిషిని గుర్తుపట్టినవాళ్ళు వెంటనే చెప్పి కాగితం వదులుకోవాలి. గుర్తుపట్టి కూడా రాశారని తేలితే ఆ కాగితం చెల్లదు, ఎవరని గుర్తుపట్టారో దస్త్రంలో రాయాలి. చివరి రెండు నిబంధనలూ ఐరిస్ స్వహస్తాలతో రాసినవే.

"గొర్రె నడక చూసి దాని తల్లి ఎవరో చెబుతాను నేను. నాకు రంగెందుకు?" అని బేసిల్ ఒప్పుకున్నాడు. తనకు ఎలాగూ తెలిసిపోతుందనుకున్నవాడే గంతలకు సులువుగా తల ఒగ్గుతాడు.

సెప్టెంబరులో ఫైనల్‌కు ముందు మ్యాచ్ టూరవాన్‌లో, మోకాలి లోతు బురదలో జరిగింది. బిల్లింగరా గెలిచింది. ఇరవైరెండేళ్ళ తరవాత ఊరు ఫైనల్‌కు వెళుతోంది. బేకరీవాడు రొట్టెలమీద కూడా జట్టు రంగులు పులిమాడు. ఆ ఆటలో సెమిసి మావాణ్ణి తలకిందులు చేశాడని బిల్లింగరా వాళ్ళు ఒక ఫిర్యాదు పంపారు. మీవాడే మావాణ్ణి చేశాడని టూరవాన్ వాళ్ళు ఒక ఫిర్యాదు, దానితో ఒక టేపు పంపారు. టేపు లేని ఫిర్యాదును కార్యదర్శి పక్కన పెట్టాడు. బేసిల్‌కు మొదటి ఫిర్యాదు సంగతి తెలుసు, తనే రాయించాడు కనక. రెండోది తెలియదు. ఆట రెండో సగంలో ఆయన గ్యాలరీ కింద ఉన్న బారులో ఉన్నాడు. నెవిల్ తుంటినొప్పితో ఇంట్లో రేడియో విన్నాడు.

మంగళవారం సాయంత్రం ఆరింటికి టేపు వేశారు. బూడిదరంగు బురదలో బూడిదరంగు మనుషులు. వాళ్ళలో తలకు తెల్ల పట్టీ ఉన్న ఒకడు ఎదుటివాణ్ణి నడుము దగ్గర పట్టాడు. ఎత్తాడు. కాళ్ళు ఆకాశంలోకి లేచాయి. తల భూమిలోకి వెళ్ళింది.

పట్టీ కనబడగానే బేసిల్ కళ్ళలో దీపం వెలిగింది. నెవిల్ ఆ దీపం చూసి తనదీ వెలిగించుకున్నాడు. ఇద్దరి కలాలూ ఒకేసారి కదిలాయి.

ఐరిస్ మాత్రం ఆ తరవాతి క్షణం చూస్తోంది. పట్టీ మనిషి లేచి నిలబడి, అరచేతులు రెండూ తొడలకు తుడుచుకున్నాడు, ముందు వైపు ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి. ఇరవై ఏళ్ళుగా ప్రతి సోమవారమూ ఆవిడ చూస్తున్న తుడుపు అది. మాంసం దుకాణంలో మాంసం ముక్కలు కొట్టి, కత్తి పక్కన పెట్టి, కాగితం అందుకునే ముందు డారిల్ హోబన్ సరిగ్గా అలాగే తుడుచుకుంటాడు. నిన్న ఉదయం దుకాణంలో అతని చెవికి ఏడు కుట్లు కూడా చూసింది. పట్టీ అందుకే. డారిల్ బిల్లింగరా జట్టు నాయకుడు.

చెప్పాలి. చెబితే తన కాగితం ఉండదు. తన కాగితం లేకపోతే జూలై మళ్ళీ వస్తుందనుకుంది. ఆ ఆలోచన ఎంత ధర్మబద్ధంగా కనిపించిందంటే, అది నిబంధనను ఎగ్గొడుతోందన్న సంగతి ఐరిస్ ఆ నిమిషంలో గమనించలేదు. మంచి ఉద్దేశం ఎప్పుడూ దొడ్డిదారినే వస్తుంది, వీధి గుమ్మం తెరిచే ఉన్నా.

కలం పట్టుకుంది. ఇరవై ఏళ్ళ పరిచయం నాలుగు రాయమంది. ఆ పరిచయానికి తాను లొంగనని లోకానికి చాటాలన్న డాబు ఆరు రాయమంది. రెండోది మొదటిదానికంటె మర్యాదైన బట్టలు వేసుకుని వచ్చింది గాని, రెండూ లంచాలే. ఆవిడ కళ్ళు మూసుకుని మే నెల టేపును తలుచుకుంది. కుచ్చు చెవి దగ్గర పెట్టి మీటినట్టు రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నది. ఒకే మోత. ఐదు అని రాసి సంతకం చేసింది.

కార్యదర్శి మూడు కాగితాలూ అందుకుని గొంతు సవరించుకున్నాడు. "డారిల్ హోబన్, బిల్లింగరా."

పక్కగదిలో ఎవరో జూదపు యంత్రంమీద గెలిచినట్టున్నారు, గంట మోగింది.

"ఏ డారిల్?" అన్నాడు బేసిల్. ఊళ్ళో ఇద్దరు డారిల్‌లు లేరు.

"మన డారిలేనండి. బయట బారులోనే ఉన్నాడు, మాంసం పళ్ళెం బహుమతిగా ఇచ్చే లాటరీ తీస్తున్నాడు. పిలవమంటారా?"

"ఆగు. ఈ టేపు సరిగా కనబడలేదు. ఇలాంటి టేపు చూసి మనిషి జీవితం తేలుస్తామా?" బేసిల్ లేచి వెళ్ళి రంగు మీట తిప్పాడు. రంగు రాగానే ఆ పట్టులో అంతవరకూ లేని కారుణ్యం ఆయనకు కనిపించింది. "చూడు నెవిల్, చూడు. దించుతున్నాడు. దించుతున్నాడే గాని పడెయ్యడం లేదు."

"పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెడుతున్నట్టుంది" అన్నాడు నెవిల్.

"ఆ పసిపిల్ల మెడకు పట్టా వేశారు, నెవిల్" అంది ఐరిస్.

"జారి ఉంటాడమ్మా. అంత బురద!"

"మే నెలలో మనిషి సబ్బుబిళ్ళా అన్నారు మీరు. ఆ రోజూ తడే."

బేసిల్ కూచున్నాడు. గొర్రెలకు పాట తగ్గినప్పుడు వాడే గొంతు బయటికి తీశాడు. "ఐరిస్, నా తల్లీ, న్యాయమంటే అంకెలు కాదు. ఫైనల్ వారం మామూలు వారం కాదు. అలాంటి ఒక వారం మామూలువి నాలుగింటికి సమానం. ఒకటి వేద్దాం. గురువారం పాత ఆటగాళ్ళ స్నేహపు మ్యాచ్ ఉంది, డారిల్ పేరు అందులో ఉంది, ఆ మ్యాచ్‌కు ఆపితే నిషేధం తీరిపోతుంది."

"అందులో అతని పేరు ఎప్పటి నుంచి ఉంది?"

"ఇప్పటి నుంచి."

"వానకు ఆగిన ఆట ఆట కాదు గాని, ముసలాళ్ళు బీరు తాగుతూ ఆడేది ఆటా?"

"కాగితాలు ఇచ్చేశారండి. ఇచ్చింది మారదని నిబంధన" అన్నాడు కార్యదర్శి నెమ్మదిగా. ఆయన ధైర్యవంతుడు కాడు. కాగితాల మనిషి, అంతే.

బేసిల్ ఆ నిబంధనల కాగితం లాక్కుని కిందికి చదివాడు. మొహం విప్పారింది. "ఇదుగో! గుర్తుపట్టి రాసిన కాగితం చెల్లదు. నేను గుర్తుపట్టాను. నెవిల్ కూడా పట్టాడు. కదూ నెవిల్?"

"ఎవర్ని?" అన్నాడు నెవిల్.

ఐరిస్‌కు అప్పుడు తట్టింది, తను నోరు మెదపకుండా కూచుంటే చాలని. వాళ్ళిద్దరి కాగితాలూ చెల్లకపోయినా తన ఐదూ నిలబడుతుంది. సెమిసికిచ్చిన మాట నిలబడుతుంది. ఒక్క చిన్న అబద్ధం, అదీ నోరు తెరవక్కరలేని అబద్ధం. ముప్పైరెండేళ్ళ ముద్రమీద ఆవగింజంత మచ్చ.

"ముందు నాది రాయండి" అంది కార్యదర్శితో. "నేను గుర్తుపట్టాను. డారిల్ అని. చేతులు తుడుచుకోవడం చూసి. చెప్పాలని తెలిసీ చెప్పలేదు. తెలిసే ఐదు రాశాను. మే నెలలో ఐదు కనక. నా కాగితం చెల్లదు."

కార్యదర్శి అక్షరం అక్షరం రాసుకున్నాడు. తరవాత కలం ఎత్తి, "మీరు ఎవరని గుర్తుపట్టారండి?" అని బేసిల్‌ను అడిగాడు.

"డారిల్ అనే."

"డారిల్ అని తెలిసి, ఫైనల్ వారంలో, ఆరు రాశారా?" కార్యదర్శి కాగితం తిప్పి చూపించాడు. అందులో ఆరు ఉంది. నెవిల్ కాగితంలోనూ ఆరే.

ఈ మాట బారు దాకా వెళితే తన వేలంపాటకు గొర్రె కాదు కదా గొర్రె తోక కూడా రాదని బేసిల్‌కు అర్థమైంది. "కాదు కాదు. మరొకడనుకున్నాను."

"ఎవరనండి? పేరు రాయాలి. ఇది ఏడు ఊళ్ళకూ వెళుతుంది."

"వాడే... పట్టీ..." అని బేసిల్ ఆగాడు. నెవిల్ సాయపడబోయాడు. "రెండో తప్పు కదా, అందుకని ఒకటి ఎక్కువ..."

"నోరు ముయ్యి, నెవిల్."

గురివింద గింజకు తన కింది నలుపు ఆ క్షణాన కనబడినట్టుంది. సెమిసి పేరు రాయిస్తే మూడు కాగితాలూ చెల్లక డారిల్ ఫైనల్ ఆడతాడు. దానితోపాటు, బిల్లింగరా పెద్దమనిషి మనిషిని బట్టి వారాలు కడతాడన్న సంగతి ఆయన సంతకంతోనే ఏడు ఊళ్ళలో గోడకెక్కుతుంది. బేసిల్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడడానికి ఏమీ లేదు, కార్లు నిలిపే జాగా తప్ప.

"ఎవర్నీ గుర్తుపట్టలేదు అని రాసుకో" అన్నాడు చివరికి.

"నేనూ" అన్నాడు నెవిల్, జీవితంలో చివరిసారి ముద్ర కొడుతున్నట్టు.

రెండు కాగితాలు చెల్లాయి. రెండింటిలోనూ ఆరే. డారిల్‌ను పిలిచారు. భుజంమీద తువ్వాలు, చెవికి ప్లాస్టరు, చేతిలో లాటరీ చీటీల కట్టతో వచ్చాడు. విన్నాడు.

"జారాడు, బేసిల్ మామా" అన్నాడు.

బేసిల్ టీవీ ఆపడానికి లేచాడు.

డారిల్ ఐరిస్ వైపు తిరిగాడు. "అత్తా, మీరెంత రాశారు?"

"ఐదు."

"ఎవరో తెలిసే?"

"తెలిసే."

అతను చేతులు తొడలకు తుడుచుకుని, ముందు వైపు ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి, బయటికి వెళ్ళిపోయాడు.

సోమవారాలు ఐరిస్‌కు మాంసం ముక్కలతోపాటు కొసరుగా ఒక గొర్రె మూత్రపిండం కాగితంలో వచ్చేది, ఇరవై ఏళ్ళుగా. డారిల్ భార్య మరునాడే వీధిలో ఆపి చెప్పింది, ఇకనుంచి తూకం ప్రకారమేనని. "మీకు సమానంగా ఉండడం ఇష్టం కదా!" ఐరిస్‌కు అందులో తప్పేమీ కనబడలేదు.

ఆదివారం ఫైనల్ జరిగింది. డారిల్ లేని బిల్లింగరా రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. ఓడి ఉంటే ఐరిస్ వల్ల ఓడామనేవాళ్ళు. గెలిచారు కనక, ఐరిస్ వల్ల ఇరవైతో గెలవలేకపోయామన్నారు. లోకం ఏ పంటనైనా తన గాదెలోనే పోసుకోగలదు.

సాసేజీలు కాల్చే బల్ల దగ్గర వరసలో ఐరిస్ వెనక సెమిసి నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కాలో. కార్యదర్శి నోరు జల్లెడ కనక మంగళవారం గదిలో జరిగింది ప్రతి అక్షరమూ బుధవారానికే టూరవాన్ కబేళాకు చేరింది.

"పెద్దమ్మా, మాట నిలబెట్టారు" అన్నాడు.

"ఏదో, నాయనా."

"అయితే ఒక వారం ఎక్కువ నిలబెట్టారు."

ఐరిస్ వెనక్కి తిరిగి చూసింది.

"ఐదు కదా మనం అనుకున్నది. ఆ ఆరోది నాది. నన్ను చూసే రాశారు. నా పేరుమీద వచ్చిన వారం డారిల్ ఎందుకు మొయ్యాలి?" సెమిసి పెద్దగా నవ్వాడు. రొట్టెలో ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమని బల్ల అవతలి మనిషికి చెప్పాడు. "మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయనేమన్నాడో తెలుసా? ఆ మిగిలినది వెనక్కిచ్చెయ్యరా, పరాయి సొత్తు మనకెందుకు అన్నాడు."

ఐరిస్ నవ్వలేకపోయింది. ఎవరినీ ఎరగకుండా తీర్పు చెప్పాలనుకున్న గదిలో, ఎరిగి రాసిన కాగితం ఐదు చెప్పింది. ఎరగక రాసిన కాగితాలు, ఎరిగామనుకుని ఆరు చెప్పాయి. గంతలు కళ్ళకు కట్టారు గాని, లోపల ఉన్న చూపుకు ఎవరూ కట్టలేదు. ఆవిడ పద్ధతిలో తప్పు అదే. రంగు తీసేస్తే మనిషి పోతాడనుకుంది. మనిషి పోయిన చోట, చూసేవాడు తనకు కావలసిన మనిషిని నిలబెట్టుకుంటాడు.

తీర్పుమీద వారం లోపల పై సంఘానికి విన్నపం పంపవచ్చు, ఎవరైనా. సోమవారం ఉదయం ఐరిస్ ఆ కాగితం అడగడానికి క్లబ్బుకు వెళితే బేసిల్ అక్కడే ఉన్నాడు.

"ఎవరి తరఫున?"

"డారిల్ తరఫున."

"నీకు మతి పోయిందా? నువ్వే వేయించి నువ్వే తీయిస్తావా? ఫైనల్ అయిపోయింది. ఆ ఆరో వారం ఎప్పుడో వచ్చే ఏప్రిల్‌లో, ఎవడికీ పట్టని ఆట. ఇప్పుడు దానికోసం ఊరంతా కెలుకుతావా?"

"నేను వేసింది ఐదు. ఆరోది నాది కాదు, మీ ఇద్దరిదీ."

"అయితే నాలుగుకు తగ్గించమని అడుగు. ఊరైనా సంతోషిస్తుంది."

"ఐదు" అంది ఐరిస్.

ఇంటికి వచ్చి వంటింటి బల్లమీద కూచుని రాసింది. ఒక పేజీ. బేసిల్ ఎవరనుకున్నాడో, నెవిల్ ఎవరనుకున్నాడో అందులో లేదు. తన కంటితో చూడనిది ఆవిడ రాయలేదు. డారిల్ హోబన్ నిషేధం మే నెలలో సెమిసి తౌఫాకు వేసినంతే, ఐదు మ్యాచ్‌లు, అంతకు తక్కువా వద్దు, ఎక్కువా వద్దు అని రాసింది. మనిషిని గుర్తుపట్టి కూడా చెప్పకుండా కాగితం రాసినందుకు తనను కూడా సంఘం నుంచి ఐదు వారాలు పక్కన పెట్టాలని, ఆటలు లేని వేసవి వారాలు అందులో లెక్కకు రావని రాసింది. సంతకం చేసింది. బీరువా అడుగు నుంచి పాత స్టెన్సిల్ రేకు తీసి, సంతకం కింద తన అంకె ముద్ర వేసింది. మాంసం ముక్కలు కొనుక్కోవడానికి డారిల్ దుకాణానికి వెళుతూ, దారిలో ఉత్తరం పోస్టు డబ్బాలో వేసింది.